ముక్కు తుడిచిన చెయ్యి

బట్టలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో సైకిళ్ల షెడ్డు వెనక ఒక కుళాయి ఉండేది. పొద్దున్నే సైరన్ మోగకముందు ఆ కుళాయి దగ్గర తల్లులు గుమిగూడేవారు. ఒకామె కొడుకు ముక్కు పట్టుకుని "చీదరా, గట్టిగా చీదు" అనేది. ఇంకొకామె కూతురి మొహం కడిగి, ఎర్రబడిన ముక్కు మీద పౌడరు అద్దేది. మరొకామె సంచిలోంచి సీసా తీసి చెంచాడు దగ్గుమందు నోట్లో పోసి, "లోపలికెళ్లాక దగ్గావంటే వీపు చిట్లుతుంది" అని బెదిరించి, ఆ వెంటనే ముద్దు పెట్టుకునేది. అటుగా పోయేవాళ్లు చూసి, ఎంత శుభ్రమైన తల్లులో అనుకునేవారు. అది శుభ్రత కాదు, భయం. ఆ భయం ఒక మంచి మనిషిని ఎలా వీధిన పడేసిందో చెప్పడానికే ఈ కథ.

ఫ్యాక్టరీలో కింది అంతస్తులో పిల్లల గది ఉంది. పనిచేసే తల్లులు పిల్లల్ని అక్కడ దించి పైకి వెళతారు. గదికి ఒకటే నియమం. జలుబుతోనో దగ్గుతోనో వచ్చిన పిల్లల్ని తలుపు దగ్గరే వెనక్కి పంపెయ్యాలి. వినడానికి బాగానే ఉంది. ఒకరి జబ్బు పదిమందికి అంటకూడదు కదా! కానీ పిల్లాడు వెనక్కి వెళితే తల్లీ వెళ్లాలి. తల్లి వెళితే ఆ రోజు కూలి పోతుంది. తరచూ వెళితే మిషనే వేరొకరికి పోతుంది. అందుకే ఆ కుళాయి.

అక్కడ ఎవరి పేరూ ఎవరికీ అక్కర్లేదు. కుట్టే పనే పేరు. జేబులు కుట్టేది జేబులమ్మ. కాజాలు కుట్టేది కాజాలమ్మ. మన కథలో తల్లి కాలర్లు కుట్టేది కాబట్టి కాలరమ్మ. భర్త లారీ మీద వెళ్లాడంటే ఎప్పుడొస్తాడో లారీకే తెలియాలి. ఆమెకున్న లోకమంతా ఒక్క కొడుకు. వాడు నడవగా ఎవరూ చూడలేదు. మంచం మీంచి గడప మీదకి, గడప మీంచి వీధిలోకి దూకడమే. అందుకని అందరూ వాణ్ణి మిడత అనేవారు.

ఒకరోజు పొద్దున్న మిడత దూకలేదు.

"లేరా, సైరన్ మోగుతుంది" అంది కాలరమ్మ, డబ్బా సర్దుకుంటూ.

"కాలు నొప్పే అమ్మా."

"వేషాలు చాలు గానీ లే."

వాడు మంచం అంచు పట్టుకుని లేచాడు. కుడి కాలు నేలకి ఆనించాడో లేదో మొహం అదోలా అయిపోయింది. రెండడుగులు కుంటి, అక్కడే కూలబడిపోయాడు. ఎక్కడరా నొప్పి అంటే తొడ చూపించాడు, మళ్లీ మోకాలు చూపించాడు. ఆమె వేడినీళ్లలో గుడ్డ ముంచి మోకాలికి కాపడం పెట్టింది. వాపు లేదు, గీత లేదు, ఒళ్లు వేడిగా కూడా లేదు. అయినా కాలు కదిలిస్తే చాలు, పిల్లాడు కేకలు.

వాణ్ణి చంకనేసుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చేసరికి జేబులమ్మ ఎదురైంది.

"ఏమైందక్కా వాడికి?"

"తెలియట్లేదే. కాలు కింద పెట్టట్లేదు."

జేబులమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నేను చెప్పానని అనకు. నిన్న నీళ్లకని కిందికి వచ్చాను. వీడు కిటికీ ఊచలు పట్టుకుని పైకెక్కితే, ఆయమ్మ కాలు పట్టుకుని లాగింది. వీడు కెవ్వుమన్నాడు. నా కళ్లతో చూశాను."

అంతే. కాలరమ్మ పిల్లాణ్ణి చంకలో పైకి జరుపుకుని గబగబా లోపలికి నడిచింది.

ఆయమ్మ అంటే పిల్లల గది ఆమె. తల నెరిసింది, మనిషి గట్టిది, మాట కటువు. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ప్రతి పిల్లాడి నుదురూ ముట్టి చూసేది, ముక్కు చూసేది. "ఊఁ, పద" అనేది. అంతకుమించి ఒక మంచి మాట ఆమె నోట విన్నవాళ్లు లేరు. ఇలాంటి మనిషి మీద నింద వేయడం ఎంత తేలికో చూడండి. నవ్వని మొహం చాలు, సాక్ష్యం అక్కర్లేదు.

విషయం వెల్ఫేర్ మేడం దాకా వెళ్లింది. పిల్లల గది బాధ్యత ఆవిడదే. గొడవ పెద్దదవుతుందని ఆవిడే కారులో ఎక్కించుకుని పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ పిల్లాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి మోకాలు నొక్కింది. వాడు ఊరుకున్నాడు. తొడను మెల్లగా లోపలికి తిప్పింది. వాడు గది దద్దరిల్లేలా అరిచాడు.

"మోకాలు కాదు, తుంటి" అంది డాక్టరమ్మ. "అమ్మా, ఈ మధ్య వీడికి జలుబు గానీ, గొంతు నొప్పి గానీ, విరేచనాలు గానీ అయ్యాయా? జ్వరం లాంటిది?"

అయింది. మొన్నటి వారమంతా ముక్కు కారుతూనే ఉంది. కుళాయి దగ్గర రోజూ కడిగింది, రోజూ పౌడరు రాసింది, రోజూ మందు పోసింది. కానీ పక్క కుర్చీలో వెల్ఫేర్ మేడం కూర్చుని ఉంది. ఫోను చూసుకుంటున్నట్టే ఉన్నా, చెవులు ఇక్కడే ఉన్నాయి.

"లేదండీ" అంది కాలరమ్మ. "ఏ జబ్బూ లేదు."

"బాగా గుర్తు చేసుకోండి."

"లేదండీ. కాలు పట్టుకుని లాగారు. ఆయమ్మ లాగింది. అందుకే."

డాక్టరమ్మ కనుబొమలు ముడిచింది. ఎక్స్-రే రాసింది, రక్తం తీయించింది, స్కాన్ రేపు అంది. సూది గుచ్చుతుంటే మిడత తల్లి మెడ కరుచుకుని ఏడ్చాడు. ఆ ఏడుపులో ప్రతి వెక్కూ కాలరమ్మ ఆయమ్మ ఖాతాలో వేసుకుంది.

నొప్పి మందు తాగి వాడు నిద్రపోతే, వాణ్ణి ఇంటి పక్క ముసలమ్మకి అప్పగించి భోజనాల గంటకి ముందే మిషను మీదికి వచ్చింది. కాలరు కుట్టాక దాన్ని తిరగేసి, కత్తెర మొనతో లోపల్నించి పొడిచి కొస పదునుగా తేల్చాలి. ఆ రోజు ఆమె తేల్చిన కొసలు మనిషి వేలికి గుచ్చుకునేలా ఉన్నాయి. ప్రతి కొసా ఆమెకి ఆయమ్మ కన్నే. పొడిచింది, తిరగేసింది, మళ్లీ పొడిచింది. ఏం చేస్తే దాని కడుపు మండుతుంది? కొడితే నాలుగు రోజుల్లో మానిపోతుంది. మాట అంటే దులుపుకుని పోతుంది. పరువు తీయాలి. తలుపు దగ్గర ఆ కుర్చీలోంచి లేపాలి. పిల్లల్ని తాకే చెయ్యి ఇక ఏ పిల్లనీ తాకకూడదు. అలా అనుకున్నప్పుడు ఆమెకి పొద్దుటి నుంచి లేని ఆకలి వేసింది.

భోజనాల గంట మోగింది. ఆడవాళ్లంతా కింద హాల్లో డబ్బాలు విప్పారు. కాలరమ్మ పిల్లల గదిలోకి వెళ్లి, ఆయమ్మ చెయ్యి పట్టుకుని హాలు మధ్యకి ఈడ్చుకొచ్చింది.

"చూడండి అందరూ! ఈ చెయ్యే! నా కొడుకు కాలు విరిచింది ఈ చెయ్యే!"

అందరూ డబ్బాలు వదిలి చుట్టూ మూగారు.

"వదలవే, జబ్బ ఊడేలా ఉంది" అంది ఆయమ్మ. తర్వాత మెల్లగా, "పిల్లాడు ఎలా ఉన్నాడు?" అని అడిగింది.

"అడగడానికి సిగ్గు లేదూ? కాలు పట్టుకుని లాగావా లేదా?"

"లాగలేదు, పట్టుకున్నాను. ఊచల మీంచి పడబోతుంటే పట్టుకుని దింపాను."

"విన్నారా! పట్టుకుందట!"

అప్పటికి వెల్ఫేర్ మేడం కూడా వచ్చింది. ఆయమ్మ కాలరమ్మ కళ్లలోకి సూటిగా చూసింది. "ఇంకేమైనా ఉంటే నువ్వే చెప్పమ్మా. పోయిన వారం సంగతి నీకు తెలుసు కదా" అంది.

దీనికి తెలుసు! పౌడరు సంగతి తెలుసు! అందరి ముందూ బెదిరిస్తోంది! అప్పటిదాకా ఉన్న కోపానికి ఇప్పుడు భయం తోడైంది. భయపడిన మనిషి కొట్టే దెబ్బ కోపంతో కొట్టే దెబ్బ కన్నా గట్టిగా తగులుతుంది.

"పోయిన వారం కూడా కొట్టావన్నమాట!" అని అరిచింది. "మేడం, ఈవిడ ఉండాలో, మా పిల్లలు ఉండాలో తేల్చండి!"

"అవును, తేల్చండి" అని జేబులమ్మ గొంతు కలిపింది. కుళాయి దగ్గర పక్కపక్కన నిలబడే ఆడవాళ్లందరూ తలో మాటా వేశారు. ఆయమ్మ ఒక్కొక్కరి మొహం చూసింది. నోరు తెరవలేదు. సాయంత్రంలోగా ఆమెను పనిలోంచి తీసేశారు. డబ్బా, చెప్పులు, పిల్లలు రంగులు పూసి ఇచ్చిన కాగితం ఒకటి సంచిలో వేసుకుని ఆమె గేటు దాటుతుంటే, కాలరమ్మ పై అంతస్తు కిటికీలోంచి కనుమరుగయ్యేదాకా చూసింది. అబ్బ, ఎంత చల్లగా ఉంది కడుపులో! కసి తీరడంలో అలాంటి చల్లదనం ఉంది. లేదంటే అబద్ధం చెప్పినట్టే. అందుకే మనుషులు దాన్ని అంత తేలిగ్గా వదులుకోలేరు.

మర్నాడు స్కాన్‌కి కాలరమ్మ ఒక్కతే వెళ్లింది. వెల్ఫేర్ మేడంకి ఇక రావాల్సిన పని లేకపోయింది, గొడవ తీరిపోయింది కదా! డాక్టరమ్మ చల్లటి జిగురు రాసి తుంటి మీద యంత్రం కదుపుతూ, పిల్లాడు బెదరకుండా కబుర్లు పెట్టింది.

"ఏం మిడతా, నీ దోస్తులెవరు?"

"ఆయమ్మ."

"ఆయమ్మా! నీ కాలు లాగిందట కదా?"

"లాగలేదు. నేను కోతిలా ఎక్కాను కదా, 'దిగరా కోతీ' అని పట్టుకుంది. నేను భయపడి అరిచాను. తర్వాత మేమిద్దరం నవ్వాం."

కాలరమ్మ వాడి నోరు మూయబోయింది. డాక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంకేం చేస్తుంది ఆయమ్మ?"

"ముక్కు తుడుస్తుంది. నాకు చీమిడి ఎక్కువొస్తే తన రుమాలు ఇచ్చేసింది. తలుపు వెనక దాచి తుడిచేది. మేడం వచ్చినప్పుడు నన్ను దుప్పటి కింద పడుకోబెట్టేది. 'దగ్గకు మిడతా, మీ అమ్మ పని పోతుంది' అంది. నేను దగ్గలేదు అమ్మా. ఒక్కసారే దగ్గాను."

డాక్టరమ్మ తెర కాలరమ్మ వైపు తిప్పింది.

"ఈ నల్లగా కనిపిస్తున్నది నీరు. తుంటి కీలు లోపల సన్నటి పొర ఉంటుంది. అది వాచి నీరు ఊరింది. ఎముక విరగలేదు, ఎవరూ విరవలేదు. చిన్నపిల్లల్లో చాలాసార్లు ఇది జలుబో, గొంతు నొప్పో, విరేచనాలో వచ్చి తగ్గాక, కొద్ది రోజులకి వస్తుంది. ఫలానా వైరస్ వల్లేనని వేలెత్తి చూపించడం మాకూ సాధ్యం కాదు. జలుబు తెచ్చేవి కావచ్చు, కడుపులో దూరేవి కావచ్చు, చెంపలు ఎర్రగా కందిపోయేలా చేసేది ఒకటుంది, అది కావచ్చు. వాటితో ఒళ్లు పోట్లాడుతుంటే మధ్యలో కీలు వాస్తుందని అనుమానం. కొందరికి ఏ జబ్బూ కనిపించకుండా కూడా వస్తుంది. అందుకే నిన్న అడిగాను. ఎందుకమ్మా లేదన్నారు?"

కాలరమ్మ పిల్లాడి తుంటి మీది జిగురు కొంగుతో తుడవసాగింది.

"రక్తపరీక్ష ఎలాగూ చేయాల్సిందే. కీల్లో చీము పట్టే పాడు జబ్బు ఒకటుంది, మొదట్లో అదీ ఇలాగే కనిపిస్తుంది. అది కాదని తేలింది, సంతోషం. కానీ మీ మాట నమ్మి నేను దెబ్బ కోసం వెతుక్కుంటూ కూర్చున్నాను. ఇంట్లో పడుకోబెట్టండి, దూకనివ్వకండి, మందు ఇవ్వండి. తగ్గిపోతుంది. జ్వరం పెరిగినా, కాలు అసలు కదపనివ్వకపోయినా ఆ క్షణమే తీసుకురండి. ఇంకో మాట. డాక్టరు దగ్గర దాచింది మళ్లీ పిల్లాడి ఒంట్లోనే బయటపడుతుంది."

వాడికి నిజంగానే తగ్గింది. మొదట కుంటుకుంటూ తిరిగాడు, తర్వాత మెల్లగా నడిచాడు, ఒకరోజు గడప మీంచి దూకబోతే తల్లి రెక్క పట్టుకుని ఆపింది. కానీ కాలరమ్మ కడుపులో చల్లదనం పోయింది. దాని చోట నిప్పు కూర్చుంది. ఆ నిప్పు ఎవరి మీద పోయాలో తెలియక ముందు జేబులమ్మతో మాట్లాడటం మానేసింది. చివరికి ఆయమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది.

సైకిళ్లు బాగుచేసే కొట్టు మీద ఒకే ఒక గది. ఆయమ్మ తలుపు తీసింది, లోపలికి రమ్మనలేదు. కాలరమ్మ మెట్టు మీదే నిలబడి అంతా చెప్పి, "తప్పయిపోయింది ఆయమ్మా, క్షమించు" అంది.

"క్షమించను" అంది ఆయమ్మ.

కాలరమ్మ తలెత్తింది.

"ఎందుకు క్షమించాలి? జుట్టు నెరిసేదాకా మీ పిల్లల ముక్కులు తుడిచాను. ఒక్క పూటలో పిల్లల కాళ్లు విరిచేదాన్నయ్యాను. నిన్న కూరగాయల కొట్టువాడు నన్ను చూసి కూతుర్ని లోపలికి లాక్కున్నాడు. ఆ పిల్లకి నేనే నడక నేర్పాను. తెలుసా?"

"ఆ రోజు చెప్పేయాల్సింది కదా, జలుబుందని..."

"చెబితే నీ పని పోయేది. కుళాయి దగ్గర ముక్కులు కడిగే వాళ్లందరి గుట్టూ బయటపడేది. తలుపు దగ్గర కూర్చున్న నాకు పౌడరు వాసన తెలియదా? ఒక్క కూలి కోసం పిల్లలకి మందు పోసి మగత పుట్టిస్తుంటే, చూసీ చూడనట్టు ఊరుకున్నాను. నాదీ తప్పే. నీ పని పోకూడదని నేను నోరు మూసుకున్నాను. నా పని పోవాలని నువ్వు నోరు తెరిచావు. సరిపోయిందా?"

"ఇప్పుడు ఏం చెయ్యమంటావు?"

"నలుగురిలో లాక్కున్నది మెట్ల మీద ఇస్తే నేను తీసుకోను. నలుగురిలోనే ఇవ్వు." తలుపు మూసుకుంది.

మర్నాడు భోజనాల హాల్లో కాలరమ్మ బెంచీ మీదికి ఎక్కింది. అంతా చెప్పింది. జలుబు సంగతి, పౌడరు సంగతి, డాక్టరమ్మ దగ్గర ఆడిన అబద్ధం. "ఆయమ్మ నా కొడుకు కాలు విరవలేదు. నేనే ఆయమ్మ బతుకు నడ్డి విరిచాను" అంది.

వెల్ఫేర్ మేడం మొహం గంటు పెట్టుకుంది. "అయితే డాక్టరు ముందు అబద్ధం చెప్పావన్నమాట."

"చెప్పానండి. మీరు పక్కన కూర్చున్నారు కాబట్టి చెప్పాను."

"జబ్బు పిల్లాణ్ణి దాచి గదిలో పెట్టావు. రేపటి నుంచి వాడికి అక్కడ చోటు లేదు."

కాలరమ్మ బెంచీ మీంచి దిగలేదు. అన్ని రోజులుగా దారి దొరకని కసికి అప్పుడు దారి దొరికింది. "ఒక్క వాడికే ఎందుకండీ? రేపు పొద్దున్న కుళాయి దగ్గర ఎవరూ ముక్కు కడక్కండి అక్కా! ఉన్నది ఉన్నట్టు తీసుకురండి! ఎంతమందికి చోటు లేదంటారో చూద్దాం!"

అందరూ తల వంచుకుని డబ్బాలు మూసుకున్నారు. రాత్రంతా కాలరమ్మ తను ఒక్కతే నిలబడతాననే అనుకుంది.

పొద్దున్న కుళాయి దగ్గర చుక్క నీళ్లు పడలేదు. పిల్లల గది తలుపు ముందు వరస గేటు దాకా ఉంది. కారే ముక్కులు, ఎర్రటి ముక్కులు, బుడగలు కట్టే ముక్కులు. ఒకడు దగ్గితే వరసంతా దగ్గింది. ముందు నిలబడింది కాజాలమ్మ. ఆమె వెనక కళ్లు దించుకుని జేబులమ్మ. "మా దానిది కారడం కాదక్కా, వరద" అంది చిన్నగా. కాలరమ్మకి నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. గేటు దగ్గర జేబులమ్మ చెప్పిన చాడీ బాకీ ఇంకా తీరలేదు.

సైరన్ మోగింది. పైన సగం మిషన్లు కదల్లేదు. వెల్ఫేర్ మేడం వరస చివరిదాకా చూసి, ఎవరెవరికో ఫోన్లు చేసింది. కాలర్లు లేవు, జేబులు లేవు, కాజాలు లేవు. అలాంటి చొక్కాలు ఎవరు కొంటారు? పొద్దెక్కేసరికి పై నుంచి కబురు వచ్చింది. పాత అట్టపెట్టెల గది ఖాళీ చేసి జలుబు పిల్లలకి వేరే కేటాయిస్తారు. తల్లుల కూలి కొయ్యరు.

"ఇంకొకటి ఉంది" అంది కాలరమ్మ. "ఆయమ్మ వచ్చేదాకా పిల్లల్ని చంక దింపం."

కారు పంపించి ఆయమ్మని తెచ్చారు. ఆమె వచ్చి కుర్చీ తలుపు దగ్గరికి లాక్కుని కూర్చుంది. నుదురు ముట్టింది, ముక్కు చూసింది. "నువ్వు ఆ గదిలోకి. నువ్వు ఈ గదిలోకి. నీకు వేడిగా ఉంది, డాక్టరు దగ్గరికి." మిడత వంతు వచ్చింది. వాడు తల్లి చెయ్యి విడిపించుకుని ఆయమ్మ ఒళ్లోకి ఒక్క దూకు దూకాడు. ఆమె వాడి తుంటి మీద మెల్లగా చెయ్యి వేసి తడిమింది. రుమాలు తీసి ముక్కు తుడిచింది.

"ఆయమ్మా..." అంది కాలరమ్మ.

ఆయమ్మ ఆమె వైపు చూడలేదు. "తర్వాత ఎవరు? రండి" అంది.

ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా ఆమె కాలరమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు. పిల్లాణ్ణి కొడుకులా చూసుకుంది, తల్లిని గోడలా చూసింది. రోజూ ఆ తలుపు దగ్గర ఆ చూపు లేని చూపు మోసుకుని మెట్లెక్కడమే కాలరమ్మకి పడిన శిక్ష. అది తనకి తగినదేనని ఆమెకి తెలుసు.

చదువుతున్న తల్లులారా, తండ్రులారా! పిల్లాడు కుంటితే ముందు ఎవరు కొట్టారని అడగకండి, మొన్న ఏ జబ్బు వచ్చిందని గుర్తు చేసుకుని డాక్టరుకి నిజం చెప్పండి. ఇక కక్ష కట్టకుండా ఉండలేనంటే, ముక్కు తుడిచిన చెయ్యి మీద కాదు, ఆ ముక్కును దాచుకోమని నేర్పిన నియమం మీద కట్టండి.